సోమలగొందికి మెష్ వచ్చింది

సోమలగొంది గ్రామంలో ఇకపై మెష్ సదుపాయం కలదని తెలియజేయుటకు గ్రామ కమిటీ మిక్కిలి సంతోషించింది. ఆ గ్రామం భూమ్మీద లేదన్నది చిన్న విషయం. రిజర్వాయరులో మునిగి నాలుగేళ్లయింది. జనం మార్కాపురం పక్క పునరావాస కాలనీకి, కంభానికి, దర్శికి చెదిరిపోయి, ఎవరి ఫోన్లో వారు కూర్చుని, ఇంటర్నెట్‌లో ఎవరి ఊరు వారే కట్టుకోగల ఒక ఆటలోకంలో సోమలగొందిని మళ్లీ కట్టుకున్నారు.

మొదట్లో ఆ లోకం ఇచ్చిన సామగ్రి పెట్టెలు, గోళాలు, గొట్టాలు మాత్రమే. మాజీ సర్పంచి కరుణాకరం ఇల్లూ పెట్టే, పుల్లయ్య ఇల్లూ పెట్టే. ఎద్దంటే పెట్టెకు నాలుగు గొట్టాలు. ఊరు పుట్టినప్పటి నుంచీ రాని సమానత్వం ఊరు మునిగాక వచ్చింది. కొందరికి ఇది చాలా ఇబ్బందిగా ఉండేది.

మెష్ ఆ ఇబ్బందిని తొలగించింది. చిన్న చిన్న త్రిభుజాలను వలలా అల్లి ఏ ఆకారమైనా చేయవచ్చు, మీసం కూడా. కాకపోతే ఊరి మొత్తానికి మూడు లక్షల త్రిభుజాలే కోటా. కోటా ఉన్నాక కమిటీ తప్పదు, కమిటీ ఉన్నాక అధ్యక్షుడిగా కరుణాకరం తప్పడు. ఆయన విగ్రహానికి లక్షా ఇరవై వేలు కేటాయించారు; అందులో మీసానికే పద్దెనిమిది వేలు. స్వాగత ద్వారానికి యాభై వేలు. బడికి పన్నెండు. పన్నెండు త్రిభుజాలతో ఒక పెట్టె వస్తుంది. బడికి అంతకన్నా ఏం కావాలి?

మిగిలినవి ఇంటికి రెండు వేల చొప్పున పంచారు. మెష్ చేయడం వచ్చింది పుల్లయ్య కూతురు స్వర్ణలతకు ఒక్కదానికే. మార్కాపురం కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. రాళ్ల మిద్దెల్లో పుట్టినవారందరూ ఆమె చేత అద్దాల మేడలు చేయించుకున్నారు. అందరివీ అయ్యాక ఆమె తన తండ్రి ఇల్లు మొదలుపెట్టింది, ఉన్నది ఉన్నట్టుగా. పుల్లయ్య పక్కన కూర్చుని పదకొండు రోజులు కొలతలు చెప్పాడు.

"గడప మధ్యలో గుంట పడుండాల. మీయమ్మ ఆడనే కూర్చుని ఎర్రగడ్డలు కోసేది."

"ఆ గుంటకే నూరు త్రిభుజాలు పోతాయి నాయనా."

"ఎనక గోడ తీసెయ్. గుంట పెట్టు."

పెట్టింది. పుల్లయ్య ఫోను తెర మీద ఆ గుంటను వేలితో తడిమాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఫోను తెరిచి ఆ గడప దగ్గర కాసేపు ఉండి వచ్చేవాడు.

నెల తిరగకుండానే కమిటీ సమావేశమైంది. కరుణాకరం అందరూ వింటుండగా మాట్లాడాడు.

"పుల్లయ్య మామా, నీ బాధ మాకు తెల్వంది కాదు. బయటోళ్లు వచ్చి ఎనక గోడ లేని ఆ ఇల్లు చూస్తే ఊరి పరువేం కావాల? అభివృద్ధి కావాలంటే ఎవరో ఒకరు త్యాగం చెయ్యాల."

ఈ చివరి వాక్యం ఆయన సొంతం కాదు. ఊరు ఖాళీ చేయించడానికి వచ్చిన అధికారి చదివింది అక్షరాలా ఇదే. ఆ రోజు జీపుకు అడ్డంగా పడుకున్నది కూడా కరుణాకరమే.

ఇల్లు తొలగించాలని యాభై ఎనిమిది కుటుంబాలు ఓటేశాయి. వద్దన్నవి రెండు: ఒకటి పుల్లయ్యది, రెండోది చూపానక తప్పు మీట నొక్కిన తులసమ్మది. ఏడు రోజుల గడువిస్తూ నోటీసు వచ్చింది.

"ఈసారి యాడికి పోవాల?" అని మాత్రం అడిగాడు పుల్లయ్య.

కమిటీ సానుభూతితో పరిశీలించి, స్వాగత ద్వారం బయట ఒక పెట్టె మంజూరు చేసింది.

ఖాళీ అయిన స్థలంలో స్తూపం కట్టాలని తీర్మానించారు. దాని మీద 'ఇళ్లు కోల్పోయిన మన నిర్వాసితుల స్మృత్యర్థం' అని చెక్కమంటే స్వర్ణలత చేయనంది. దర్శి నుంచి వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆవిష్కరణ రోజు ఊరంతా తరలివచ్చి స్తూపం ముందు ఫోటోలు దిగింది. చాలామంది నిజంగానే ఏడ్చారు.

పుల్లయ్యనూ పిలిచారు. రాలేదు. సొంత ఊరంటే ప్రేమ లేని మనుషులు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటారు. మీ ఊళ్లో ఎవరో మీకు తెలిసే ఉంటుంది.