వెన్నెలా, మీగడా?

ఆయన అసలు పేరు ఆఫీసులో జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరూ ‘ఏమోగారు’ అంటారు. బీమా ఆఫీసులో క్లెయిములు తనిఖీ చెయ్యడం ఆయన పని. ఇల్లు కాలిపోయిందని ఎవరైనా ఏడుస్తూ వస్తే, వెళ్ళి ఆ బూడిద చిటికెడు తీసుకుని వాసన చూసి, "ఏమో! ఇది మీ ఇంటి బూడిదేనా?" అంటాడు.

ఈ గుణం చూసి ఆఫీసువాళ్ళు ప్రమోషన్ ఇచ్చారు. ఇంట్లో భార్య మాత్రం ఓర్చుకుంటోంది, అంతే.

అలాంటి మనిషి ఇంటికి రంగులు వేయించాల్సొచ్చింది.

భార్య దుకాణానికి వెళ్ళి నాలుగు చిన్న డబ్బాలు తెచ్చి హాల్లో బల్లమీద పెట్టింది. మీగడ, వెన్నెల, ముత్యం, దంతం. ఏమోగారు నాలుగు మూతలూ తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తీసేసి చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు.

"అన్నీ తెలుపే కదే!"

"తెలుపుకీ తెలుపుకీ తేడా లేదూ? మన హాల్లోకి ఎండ రాదు. ఉత్త తెలుపేస్తే ఆసుపత్రిలా ఉంటుంది. వెచ్చగా కనబడే తెలుపు కావాలి. నాకు మీగడ నచ్చింది."

"రంగు వెచ్చగా ఉండటమేమిటి? జ్వరమొచ్చిందా దానికి?"

"మీకు తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు! మీతో రంగుల గురించి మాట్లాడటం నాదే తప్పు."

ఏమోగారికి అక్కడ పట్టుకుంది అనుమానం. దుకాణంవాడు ఒకటే రంగు నాలుగు డబ్బాల్లో పోసి, నాలుగు పేర్లు అంటించి ఉంటాడు. ఈవిడ నమ్మేసింది. నమ్మిందా, నమ్మినట్టు నటిస్తోందా? అసలు ఆ దుకాణంవాడు ఈవిడకి కుర్చీ వేసి కూర్చోబెట్టాడట, ఎందుకు?

"నాకు వెన్నెల నచ్చింది," అన్నాడు గంభీరంగా.

నిజానికి ఆయనకి ఏదీ నచ్చలేదు. ఆవిడ మీగడ అంది కాబట్టి ఇంకోటి అనాలి. పెళ్ళైన దగ్గర్నుంచి సోఫా ఆవిడే ఎంచింది, కర్టెన్లు ఆవిడే ఎంచింది, చివరికి ఆయన చొక్కాలూ ఆవిడే ఎంచింది. గోడలైనా తన మాట వినాలని ఆయన ఆశ.

"సరే," అంది భార్య. "నాలుగూ గోడమీద కాస్త కాస్త వేయించి చూద్దాం. ఏది బావుంటే అదే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఏదో ఉంది! ఏమోగారికి టిఫిను సయించలేదు.

పెయింటు మేస్త్రీ రాగానే, గోడలకి చెవులుంటాయని ఏమోగారు అతన్ని పెరట్లోకి లాక్కెళ్ళాడు.

"మేస్త్రీగారూ, నాలుగు పట్టీలూ వెన్నెల డబ్బాలోంచే వెయ్యండి. కింద పేర్లు మాత్రం నాలుగూ రాయండి. అమ్మగారికి చెప్పకూడదు."

"ఎందుకు సార్?"

"పరీక్ష."

"నాకా?"

"కాదయ్యా, ఆవిడకి!"

మేస్త్రీ ఆయన్ని ఎగాదిగా చూసి, "అలాగే సార్," అంటూ నవ్వాడు. ఆ నవ్వు ఏమోగారికి నచ్చలేదు. కానీ అప్పటికే ఆఫీసుకి వేళైపోయింది.

సాయంత్రం వచ్చేసరికి గోడమీద నాలుగు పట్టీలు ఆరి ఉన్నాయి. భార్య వాటి ముందు నిలబడింది. దగ్గరికెళ్ళింది, వెనక్కొచ్చింది, లైటు వేసింది, ఆర్పింది.

"ముత్యం మరీ పాలిపోయింది. దంతం పసుపు. వెన్నెల... ఊహూఁ, నీరసంగా ఉంది. మీగడ చూడండి, ఎంత నిండుగా ఉందో!"

ఏమోగారికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. దగ్గుతూ కప్పిపుచ్చుకుని, సాక్షి కోసం పక్కగదిలో ఉన్న అత్తగారిని కేకేశాడు.

"అత్తయ్యగారూ! ఒకసారి ఇలా రండి. మీ అమ్మాయి కళ్ళ సంగతి చూద్దురుగాని!"

అత్తగారు చేతిలో అల్లికతో వచ్చి సోఫాలో కూర్చుంది. మేస్త్రీ గుమ్మం దగ్గర చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఇవి నాలుగూ ఒకటే డబ్బాలోవి!" అన్నాడు ఏమోగారు, కోర్టులో తీర్పు చదివినట్టు. "నా డబ్బాలోవి! ఇంతసేపూ నువ్వు నిండుగా ఉందని మెచ్చుకున్నది నా వెన్నెలనే!"

"అయ్యో! ఇంత మోసమా!" భార్య బుగ్గన వేలేసుకుంది.

"ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోక ఏం చేస్తాను! గోడమీదున్న ఈ రంగే ఇల్లంతా వేయించండి. మళ్ళీ మాట మార్చరుగా?"

"నేనా! అత్తయ్యగారి సాక్షిగా చెబుతున్నా. ఈ గోడమీదున్న రంగే! ఇంకోటి వేస్తే నేనొప్పుకోను!"

"విన్నారుగా మేస్త్రీగారూ?" అంది భార్య.

మేస్త్రీ వెళ్ళి డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు. ఏమోగారు వంగి పేరు చదివాడు. మీగడ.

"ఇదేమిటి?"

"గోడమీదున్నది ఇదే సార్. నాలుగూ."

"నేను వెన్నెల అన్నానుగా!"

"మీరు అన్నారు సార్. తర్వాత అమ్మగారు టీ ఇచ్చారు."

ఏమోగారు తెల్లమొహం వేశాడు. అత్తగారు అల్లిక ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"మరి ముత్యం పాలిపోయిందన్నావ్! దంతం పసుపన్నావ్!"

"మీరు అంత కష్టపడి ఎత్తు వేశారు. నేనూ కాస్త నటించకపోతే బావుండదని."

"ఇది మోసం!"

"నాలుగూ ఒకటే అన్నది మీరే కదండీ? ఒకటే అయితే మోసమేముంది? తేడా ఉందంటారా, అప్పుడు నా మాటే నిజం."

జీవితంలో మొదటిసారి ఏమోగారికి ఏ అనుమానమూ మిగల్లేదు.

ఇల్లంతా మీగడ వేశారు. తెచ్చిన వెన్నెల వృథా పోకూడదని, దానికి తోడు ఇంకో డబ్బా తెప్పించి, ఆయన ఫైళ్ళు పెట్టుకునే చిన్న గదికి అది వేయించింది భార్య. "మీకు నచ్చిన రంగు. హాయిగా కూర్చుని పని చేసుకోండి."

ఏమోగారు రోషంగా వెళ్ళి తలుపేసుకుని కూర్చున్నాడు. కిటికీకి అవతల పక్కింటి గోడ. ఆ మసక వెలుతురులో వెన్నెల బూడిద తిరిగిపోయి, ఉతికి ఆరని పాత దుప్పటిలా ఉంది. చూసినకొద్దీ ఆయనకి చలేస్తోంది.

కాసేపటికి తలుపు కిర్రుమంది. ఏమోగారు ఫైళ్ళు చంకలో పెట్టుకుని, కుర్చీ ఈడ్చుకుంటూ హాల్లోకి వచ్చాడు.

"ఏమైందండీ?"

"ఆ గదిలో... ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది."

ఆ గదిలో ఫ్యానే లేదు. భార్య సోఫాలో పక్కకి జరిగింది.