సిలిండర్లకు ర్యాంకులు

"ఇకమీదట ఈ ప్రభుత్వం ఎవరి మాటా నమ్మదు. అంకెల్నే నమ్ముతుంది!" అని ఆరోగ్యమంత్రిగారు మా ఆసుపత్రి మెట్లమీద నిలబడి ప్రకటించారు. సప్లయర్ల సామర్థ్యాన్ని కొలిచి, ఒకరితో ఒకరిని పోల్చి, ర్యాంకులిస్తారట. స్టోర్‌కీపర్‌గా పందొమ్మిదేళ్ళు సరుకు దింపించుకున్నాను గానీ, ఇంత గొప్ప ఆలోచన నాకెన్నడూ తట్టలేదు.

మాకు ఆక్సిజన్ సిలిండర్లు ఇచ్చేవాళ్ళు ఇద్దరు. ఒకావిడ, భర్త పోయాక వ్యాను తనే నడుపుకొస్తోంది. అందరూ సిలిండరమ్మ అంటారు. రెండోది మంత్రిగారి బావమరిది కంపెనీ.

కొలవడానికి నిపుణులొకరు ల్యాప్‌టాప్‌తో దిగారు. మనిషి నిక్కచ్చి. నేనిచ్చిన టీ కూడా టైము చూసుకుని తాగారు.

సిలిండరమ్మ నలభై నిమిషాలు ముందే వచ్చింది.

"మైనస్ నాలుగు" అన్నారు నిపుణులు.

"ముందొచ్చినందుకా బాబూ?"

"తేడా తేడానే అమ్మా. ముందా వెనకా అన్నది సెంటిమెంటు."

ఒక సిలిండరు సన్నగా లీకవుతోందని ఆవిడే కనిపెట్టి, వెంటనే మార్చి ఇచ్చింది. రిటర్న్ ఒకటి, ఫిర్యాదు ఒకటి రాసుకున్నారు.

బావమరిదిగారి లారీ చెప్పిన నిమిషానికి వచ్చి ఆగింది. నేనొక సిలిండరుకు మీటరు బిగించి చూశాను. ముల్లు సున్నా మీదే పడుకుంది. ఇంకోటి చూశాను. అదీ అంతే.

"అయ్యా, ఇవి ఖాళీవి."

"లీకులున్నాయా?"

"లీకవడానికి లోపల ఏముందండీ!"

"జీరో లీకేజీ" అని టైపు చేసుకున్నారు. "లోపల ఏముందో క్వాలిటీ ఆఫీసరు చూసుకుంటారు. మాది ఎఫిషియెన్సీ."

క్వాలిటీ ఆఫీసరుకు రాశాను. ఆ పోస్టూ ఖాళీయేనని జవాబొచ్చింది.

బావమరిదిగారికి నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. లారీ హారన్ గట్టిగా కొట్టారని రెండు కోశారు. నిష్పక్షపాతం అంటే అదీ! సిలిండరమ్మకు ముప్పై ఒకటి. ఆర్డరు రద్దు.

ఆవిడ కాగితం చదివి నాలుగు మడతలు పెట్టింది. "పదకొండేళ్ళలో ఒక్క మనిషికీ ఊపిరి తక్కువ కానివ్వలేదు తమ్ముడూ. దానికి గడి లేదా ఇందులో?"

"లేదక్కా" అన్నాను, వెతికి మరీ.

మొదటి ర్యాంకుకు సన్మానం మా వరండాలోనే జరిగింది. పారదర్శకత మీద యాభై నిమిషాలు మాట్లాడి, మంత్రిగారు తూలి కుర్చీలో కూలబడ్డారు. "బావా!" అని బావమరిదిగారు పరుగెత్తి, పూలదండ వేసి నిలబెట్టిన సిలిండరు లాక్కొచ్చి మాస్కు తగిలించారు. డాక్టరుగారు మీటరు చూశారు, మంత్రిగారిని చూశారు, తర్వాత నేల చూశారు.

రెండు నిమిషాలకు మంత్రిగారు కళ్ళు తెరిచారు. "ఆహా! ప్రాణం లేచొచ్చింది. ఇదీ ఆక్సిజనంటే!"

చప్పట్లు.

అంతలో వార్డులోంచి నర్సమ్మ పరుగున వచ్చింది. "డాక్టరుగారూ! నాలుగో బెడ్డు పెద్దాయనకు ఊపిరాడట్లేదు. వార్డులో పనికొచ్చే సిలిండరు ఒక్కటీ లేదు!"

"నాది తీసుకెళ్ళమ్మా" అన్నారు మంత్రిగారు, కళ్ళనిండా నీళ్ళతో. "నాకు నయమైంది." ఫొటోలు తీశారు.

నేను స్టోరులోకి దూరి సిలిండరమ్మకు ఫోన్ చేశాను. డాక్టరుగారు పెద్దాయన మొహానికి రబ్బరు సంచి ఆనించి, చేత్తో నొక్కుతూ కూర్చున్నారు. పన్నెండు నిమిషాలకు వెనక గేటులోంచి వ్యాను వచ్చింది. పెద్దాయన పెదాలకు మళ్ళీ రంగు తిరిగేదాకా ఆవిడ సిలిండరు మీద చెయ్యేసి అక్కడే నిలబడింది. తర్వాత ఎవరూ చూడకుండా వెళ్ళిపోయింది. ఆర్డరు లేని మనిషి కదా.

మర్నాడు పత్రికలన్నింటిలోనూ మంత్రిగారి త్యాగమే. నిపుణులు ఉదయాన్నే వచ్చి, దండ వాడిపోయిన ఆ సిలిండరుకు స్వయంగా మీటరు బిగించారు. సున్నా మీదున్న ముల్లును వంగి వంగి చూశారు.

"అద్భుతం" అన్నారు చివరికి. "రెండు ప్రాణాలు నిలబెట్టింది. ఒక్క గీత కూడా తగ్గలేదు!"