పిడుగు కంటబడని కంప్యూటర్

బ్యాకప్ తీసుకునేవాడంత పిరికివాడు ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు. ఇది తొందరపడి అంటున్న మాట కాదు. నెల రోజులు ఆలోచించి, రెండు పూటలు టీ కూడా మానేసి మరీ అంటున్నాను.

కాకపోతే ఏమిటండీ! ఉన్నది ఒక్క కంప్యూటర్. అందులో ఉన్నదానికి ఒక నకలు తీయాలట. ఆ నకలుకి ఇంకో నకలు తీయాలట. ఆ మూడోదాన్ని తన ఇంట్లో కాకుండా ఇంకెవరింట్లోనో దాచాలట! తన ఇంటి మీద తనకే నమ్మకం లేనివాడు ఆ కప్పు కింద ఎలా పడుకుంటాడు? పొద్దున్నే లేచి ఆ తలుపు ఏ మొహం పెట్టుకుని తీస్తాడు?

నైరోబీకి పడమటనున్న మా కిసీ కొండల్లో పుట్టినవాడికి ఇలాంటి పిరికితనం పనికిరాదు. మాకు మధ్యాహ్నం మూడింటికి వాన, మూడుంపావుకి పిడుగు, మూడున్నరకి కరెంటు పోవడం. వీటి మధ్యే పుట్టి పెరిగాం. అలాంటి మాకు ఒక కంపెనీవాళ్ళు రౌటర్ అమ్మి, దాంతోపాటు ఒక కాగితం చేతిలో పెట్టి, ఈ నకళ్ళతో సహా జాగ్రత్తలు నేర్పుతారా?

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రౌటర్‌ని ఇంటి మధ్యలో, ఎత్తుమీద, గాలి తగిలేచోట పెట్టాలని మొదటి మాట. ఎంత అమాయకత్వం! ఖరీదైన వస్తువు ఎక్కడుండాలి? ముందుగదిలో, గాజు బీరువాలో, పెళ్ళినాటి కప్పుల పక్కన, తాళం వేసి ఉండాలి. వచ్చినవాళ్ళు చూడాలి గాని ముట్టుకోకూడదు. మాది అక్కడే ఉంది.

అందువల్ల సిగ్నల్ బీరువా ముందు నాలుగడుగుల వరకే వస్తుంది. ఇది లోపమా? మా అమ్మాయి, దాని పేరు కెముంతో, ఇదివరకు ఫోన్ పట్టుకుని గదిలో తలుపేసుకునేది. ఇప్పుడు అదీ, వాళ్ళమ్మా, నేనూ, వెనక గదిలో అద్దెకుండే ఇద్దరు నర్సులూ ఒకే సోఫాలో మోకాళ్ళు తగిలేలా కూర్చుని బీరువా వైపు చూస్తున్నాం. ఇంత ఐకమత్యం ఏ పాస్టరు ప్రసంగం వల్ల వచ్చింది చెప్పండి!

పాస్‌వర్డ్ తరచూ మార్చుకోవాలని ఇంకో మాట. మా పాస్‌వర్డ్ మా ఆవు పేరు. సందులో ఆ ఆవుని ఎరగనివాళ్ళు లేరు గనక పాస్‌వర్డ్ ఎరగనివాళ్ళూ లేరు. ఆవుని అమ్మేసి మూడేళ్ళయింది. అయినా పిల్లాజెల్లా రోజుకి పదిసార్లు దాని పేరు తలుచుకుంటున్నారు. ఈ సందులో బతికున్న పెద్దమనుషులకి దక్కిందా ఆ గౌరవం?

ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె, రౌటర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించవద్దని కూడా రాశారు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళు వేరుకాపురాలు పెట్టడం చాలదా, వస్తువులక్కూడానా?

ఆ తర్వాతి మాట వినగానే మా ఆవిడ క్వాంబోకా కాగితాన్ని పొయ్యిలో పెట్టబోయింది. "పైన ఏ గుడ్డా కప్పరాదు" అని ఉంది మరి! మా ఇంట్లో క్రోషా అల్లిక గుడ్డ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. సోఫాకి ఉంది, టీవీకి ఉంది, నీళ్ళ డబ్బాకి ఉంది, గ్యాస్ బండకి గౌను ఉంది. రౌటర్‌కి తెల్లది, అంచున గులాబీలు, రెండు కొమ్ములూ బయటికి రావడానికి రెండు చిల్లులు.

"చుట్టాలొస్తే దాన్ని బట్టల్లేకుండా నిలబెట్టమంటారా?" అంది క్వాంబోకా. "వాళ్ళకి సిగ్గు లేదేమో, నాకుంది."

దీనికి ఏ కంపెనీ జవాబు చెబుతుంది?

అయినా గుడ్డ అలంకారానికి మాత్రమే కాదు. ఉరుము వినబడగానే మా వాళ్ళేం చేస్తారు? అద్దం మీద దుప్పటి కప్పుతారు. తళతళలాడే గిన్నెలు లోపలికి లాగేస్తారు. మెరిసేదాన్ని చూసే పిడుగు దిగుతుందని మా అమ్మమ్మ చెప్పింది. ఆవిడకి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. మరి కంప్యూటర్ తెర అద్దం కాదా? అందుకే ఇంటింటా కంప్యూటర్‌కి ఒక పెద్ద గుడ్డ ఉంటుంది. ఉరిమిందా, కప్పెయ్! కాగితంలో మాత్రం ప్లగ్గు పీకమన్నారు. కంటికే కనబడని కంప్యూటర్ మీద పిడుగు ఎలా పడుతుందండీ? దానికి దారి చెప్పేదెవరు?

మా సందులో ఈ కాగితాన్ని నమ్మినవారు ఒక్కరే. ఒంచారి మాస్టారు.

రిటైరైన బడిపంతులు. మాకు రెండిళ్ళ అవతల ఉంటారు. పదకొండేళ్ళుగా ఒక చిన్న రికార్డర్ పట్టుకుని కొండా కోనా తిరిగి, ముసలివాళ్ళ ముందు పీట వేసుకుని కూర్చుని, మా గుసీ భాషలో పాత మాటలు ఏరుతున్నారు. ఒక్కో మాటా, దాని అర్థం, చెప్పినవాళ్ళ గొంతుతో సహా కంప్యూటర్‌లో పెట్టుకున్నారు. నాలుగువేల ఆరువందల మాటలు. చెప్పినవాళ్ళు అరవై రెండు మంది. అందులో నలభై ఒక్క మంది ఇప్పుడు లేరు. మా అత్తగారు, అంటే క్వాంబోకా తల్లి, ఆ లేనివాళ్ళలో ఒకరు.

మాటలు పోతాయని భయమట! పోతే ఏం? ఇంగ్లీషు లేదూ? స్వాహిలీ లేదూ? ఫోన్‌లో పళ్ళికిలించే పసుపు మొహాలు లేవూ?

ఆ పిరికితనం అక్కడితో ఆగిందా! కంప్యూటర్‌లో ఒకటి, పక్కన డిస్కులో ఒకటి, మూడోది ఎవరో నమ్మకస్తుడైన స్నేహితుడి ఇంట్లో. కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా చేశారు. నమ్మకస్తుడట! పదకొండేళ్ళు కొండలెక్కినా మనిషికి లోకజ్ఞానం రాలేదు.

పోగొట్టుకోవడంలో ఉన్న హాయి ఆయనకి తెలియదు పాపం. నిరుడు మా పెద్దనాన్న పోయినప్పుడు, పాతిపెట్టేముందు జనానికి చదివి వినిపించాలని ఆయన జీవితచరిత్ర ముప్పై నాలుగు పేజీలు రాశారు మా వాళ్ళు. పాతిపెట్టే రోజు పొద్దున కంప్యూటర్ తెర నల్లబడింది. నకలు లేదు. పాస్టరు లేచి, "మంచి మనిషి, టీ అంటే ఇష్టం" అని కూర్చున్నాడు. అంత్యక్రియలకొచ్చిన జనం మా మొక్కజొన్న ముద్ద, ఉగాలి, వేడివేడిగా తినడం మా ఊరి చరిత్రలో అదే మొదటిసారి!

పక్క ఊరి బళ్ళో మార్కులన్నీ ఎగిరిపోతే పిల్లలందరూ పాసయ్యారు. మా బావమరిది పెళ్ళి ఫోటోలు మాయమైన దగ్గర్నుంచి తను అప్పట్లో సన్నగా, పొడుగ్గా ఉండేవాణ్ణని చెప్పుకు తిరుగుతున్నాడు. కాదనడానికి ఎవరి దగ్గరైనా ఆధారం ఉందా?

ఈ హాయిని మా అందరికీ పంచిపెట్టే పుణ్యాత్ముడు న్యామ్వేయా. సంతలో కొట్టు పెట్టుకున్న ఫుండి. మాకు కుర్చీ బిగించేవాడూ ఫుండీయే, గోడ కట్టేవాడూ ఫుండీయే, కంప్యూటర్ విప్పేవాడూ ఫుండీయే. ఏది పట్టుకెళ్ళినా మూత విప్పి, లోపలి దుమ్ముని నోటితో ఒక్క ఊదు ఊది, "ఫార్మాట్ కొట్టాలండీ" అంటాడు.

"ఒక్క మీట ఇరుక్కుందయ్యా, అంతే. టీ ఒలికింది" అన్నాను ఒకసారి.

"మీట పైకి కనబడేదండీ. అసలు జబ్బు లోపలుంటుంది. ఫార్మాట్!"

పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. పైగా వట్టి చేతులతో పంపడు. ఖాళీ అయినచోట నైజీరియా సినిమాలు నింపి ఇస్తాడు. రెండేళ్ళ కిందట మా బీరువాలో ఊరికే పడి ఉన్న ఒక డిస్కు పట్టుకెళ్తే, ఫార్మాట్ కొట్టి, నూట నలభై సినిమాలు అంచుదాకా పోశాడు. ఆ ఏడాది మా ఇంట్లో ఒక్క పోట్లాట లేదు. పోట్లాటలన్నీ తెర మీదే జరిగిపోయాయి. చూశారా, పాతది తుడిచేస్తే ఎంత శాంతో!

ఇలా ఉండగా, పోయిన నెల ఒక మధ్యాహ్నం మా సందు చివర కరెంటు స్తంభం మీద పిడుగు పడింది.

మాస్టారి ఇంట్లో జాగ్రత్తలకి లోటు లేదు. కంప్యూటర్ మీద క్వాంబోకా స్వయంగా అల్లి ఇచ్చిన కొంగల గుడ్డ ఉంది. పక్కనున్న డిస్కుకి ఒక బుల్లి గుడ్డ ఉంది. రాసిన మాట రాసినట్టే నకలు పడాలని ఆ డిస్కుని ఏడాది పొడుగునా కంప్యూటర్‌కి తగిలించే ఉంచారు. మరి ప్లగ్గు పీకితే నకలు ఎలా పడుతుంది? కాగితంలో ఆ ఒక్క మాటా ఆయనకి నచ్చలేదు. ఉరుము వినగానే గుడ్డలు రెండూ సర్ది, వరండాలో కూర్చుని వాన చూస్తున్నారు.

పిడుగు తీగ వెంబడి వచ్చింది. తీగకి గుడ్డ కప్పాలని మాలో ఎవరికీ తోచలేదు.

కంప్యూటర్ మాడింది. డిస్కు మాడింది. గుడ్డల మీద మాత్రం ఒక్క పోగు కమల్లేదు. మా ఆవిడ పనితనం అలాంటిది.

న్యామ్వేయా వచ్చి మూత విప్పాడు. ఈసారి ఊదలేదు.

"ప్రాణం పోయింది మాస్టారూ. కొనప్రాణమున్నా ఫార్మాట్ కొట్టేవాణ్ణి" అన్నాడు.

మాస్టారు ఆ మాడిన డబ్బాల్ని మూటగట్టుకుని నైరోబీ వెళ్ళారు. అక్కడివాళ్ళు కూడా తల అడ్డంగా ఊపారు. అయినా ఆయన బెదరలేదు. పిరికివాళ్ళకి ఉన్న సుఖమే అది, మూడోది ఉంటుంది. బస్సు దిగి, ఇంటికైనా వెళ్ళకుండా, నేరుగా ఆ నమ్మకస్తుడైన స్నేహితుడి గుమ్మంలో నిలబడ్డారు.

"కెముంతో నాన్నా, ఉన్నావా?"

అవునండీ. ఆ గుమ్మం మాదే.

"మూడేళ్ళ కిందట ఒక డిస్కు ఇచ్చాను చూడూ, దాచిపెట్టమని. అదిస్తే పట్టుకుపోతాను నాన్నా. ఇక ఉన్నదదొక్కటే."

నేను నోరు తెరిచేలోపే క్వాంబోకా లేచి బీరువా తాళం తీసింది. గుడ్డలో చుట్టి ఉన్న డిస్కుని బయటికి తీసి, చూసి, పక్కన పెట్టింది.

"ఇది సినిమాలది. మాస్టారిది ఎక్కడ పెట్టారు?" అని నన్నడిగింది.

పై అర వెతికింది. కప్పులన్నీ తీసి కింద పెట్టి వాటి వెనక వెతికింది. రౌటర్ ఎత్తి దాని కింద చూసింది.

"మా అమ్మ గొంతుందండీ అందులో. ఎక్కడ పెట్టారో చెప్పండి, నేను తీస్తాను."

బీరువాలో ఎప్పుడూ ఒకటే డిస్కు ఉందని చెప్పాను. ఖాళీది అనుకున్నానని కూడా చెప్పాను. అది అబద్ధం. ఖాళీది కాదని నాకు తెలుసు. ఏడాది గడిచినా మాస్టారు అడగలేదు గనక ఇక అడగరనుకున్నాను. ఫార్మాట్ కొట్టించిన రోజున మా అత్తగారు బతికే ఉంది. గొంతుదేముంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి వినొచ్చు అనుకున్నాను. కంచే చేను మేసిందని పెద్దలన్నది నన్ను చూసే అయ్యుండాలి.

న్యామ్వేయాని పిలిపించాం. జీవితంలో మొదటిసారి వాడు ఒక పనికొచ్చే సంగతి చెప్పాడు. "ఉత్త ఫార్మాటే అయితే ఎలాగోలా వెనక్కి లాగొచ్చండీ. దాని మీద సినిమాలు అంచుదాకా పోశాం కదా. ఇక రావు." నేనడిగి పోయించుకున్నవే కదా అవి.

మాస్టారు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సోఫా అంచున కూర్చుని నా వైపు తిరిగారు.

"మీ అత్తగారు ఒక మాట చెప్పింది, గుర్తుందా? వాన వెలిశాక మట్టిలోంచి ఆవిరి లేస్తుంది చూడూ, దాని పేరు. ఆ రోజు నువ్వూ పక్కనే ఉన్నావు. నేను రెండోసారి చెప్పించుకుంటే నవ్వావు కూడా."

గుర్తుంది. ఆవిడ వేలెత్తి చూపించిన ఆవిరి గుర్తుంది. పళ్ళు లేని నవ్వు గుర్తుంది. మాట గుర్తు లేదు. క్వాంబోకాకీ గుర్తు లేదు. అమ్మ రోజూ అనే మాటే కదా అని ఎప్పుడూ పట్టించుకోలేదట.

మాస్టారు మళ్ళీ మొదలుపెట్టారు. ఇంకా ఇరవై ఒక్క మంది ఉన్నారు. డెబ్భై నాలుగేళ్ళ వయసులో పీట చంకన పెట్టుకుని తిరిగి కొండలెక్కుతున్నారు. ఆ ఆవిరి పేరు ఇంతవరకు ఆ ఇరవై ఒక్క మందిలో ఎవరికీ తెలియలేదు.

ఇక్కడ రోజూ మూడున్నరకి వాన వెలుస్తుంది. సందులో ఎర్రమట్టి మీద ఆవిరి లేస్తుంది. క్వాంబోకా గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తూ పెదవులు కదుపుతుంది. ఏదో వచ్చినట్టే ఉంటుంది, రాదు. లోపలికొచ్చి నా ముందు టీ పెట్టి వెళ్ళిపోతుంది. రౌటర్ మీద గుడ్డ తీసేసింది. ఎందుకని నేనడగలేదు. నాకు సిగ్గుగా ఉంది. దీన్ని ఇంకో రకంగా అలంకరించి చెప్పడం నాకు చేతకావడం లేదు.

అందుకే అన్నాను, బ్యాకప్ తీసుకునేవాడంత పిరికివాడు లేడని. ధైర్యవంతుడు ఎలా ఉంటాడో చూడాలనుకునేవాళ్ళు మా ఇంటికి రండి. ముందుగదిలో, బీరువా ఎదురుగా కూర్చుని ఉంటాను, నూట నలభై సినిమాలతో.

వచ్చేటప్పుడు, మీ ఇంట్లో ఆ ఆవిరి పేరు తెలిసిన ముసలివాళ్ళెవరైనా ఉంటే చెయ్యిపట్టుకుని తీసుకురండి. రెండు డిస్కులు కూడా తెచ్చుకోండి. ఒకటి మాస్టారికివ్వండి. రెండోది మీ ఇష్టం వచ్చినవాళ్ళ దగ్గర పెట్టండి, నా దగ్గర తప్ప.