పురి ముడిచిన నెమలి

ఒక పెద్ద అడవిలో పులికాపలా ఉద్యోగం ఖాళీ అయింది. పాత కాపలాదారుణ్ణి పులే ఖాళీ చేసింది లెండి.

పరీక్ష నడిపేది పెద్దగుమాస్తా నక్క కుప్పయ్య. అభ్యర్థి ఆయన మేనల్లుడు సాంబడు. ఇంతకన్నా నిష్పక్షపాతంగా ఎవరు నడుపుతారు చెప్పండి!

అక్కడి పద్ధతి ఇది. ఐదు మందలు గుండ్రంగా కూర్చుంటాయి. అభ్యర్థి నాలుగు మందల దగ్గర పని నేర్చుకుని, ఐదో మంద నీళ్ళ రేవులో దాచిన పులితోలు వాసన పసిగట్టాలి. అలా ప్రతి మందా ఒక విడత పరీక్షిస్తుంది. ఐదు మందలూ కలిసి సభగా ఉన్నంతసేపూ మధ్యలో రాజుగారి నెమలి పురి విప్పి నిలబడుతుంది. అదే రాజముద్ర.

సాంబడు నాలుగు రేవుల్లో ఎలాగో గట్టెక్కాడు. జింకల రేవులో మాత్రం పులితోలు పక్కనే పడుకుని గురకపెట్టాడు.

కుప్పయ్య ఉపాయాలు వెతికాడు. అక్కకి మాటిచ్చాడు మరి. ముందు జింకల్ని వేరే చోటికి జరిపి కూర్చోబెట్టాడు. నెమలి కదల్లేదు. మందలన్నిటికీ తలో బిరుదు తగిలించాడు. అయినా కదల్లేదు.

"ఓస్, ఇంతేనా! ఏం చేసినా ఈ నెమలికి పట్టదు," అనుకుని జింకల పెద్ద దగ్గరికెళ్ళాడు. "ఎండలో ఎందుకమ్మా, ఇంటికెళ్ళండి. మీ విడత లేదనుకుంటాం."

జింకలు లేచాయి. నెమలి కిక్కురుమనకుండా పురి ముడిచి వెళ్ళిపోయింది. కుప్పయ్య చూడనేలేదు. నాలుగుకి నాలుగూ నెగ్గాడని మేనల్లుణ్ణి కావలించుకుంటున్నాడు.

"నూటికి నూరు, ప్రభూ!" అన్నాడు సింహం ముందు.

"నెమలి ఏదయ్యా?"

కుప్పయ్య అప్పుడు వెనక్కి చూశాడు. పరుగున పోయి జింకల్ని బతిమాలి తెచ్చి పాతచోటే కూర్చోబెట్టాడు. నెమలి రాలేదు.

"చెడిన సభకి అతుకేస్తే సభ అవదు. మళ్ళీ మొదటినుంచీ పెట్టాలి, నాకంత ఓపిక లేదు," అంది సింహం. "వట్టి గుంపు మాట నమ్మను. నీ మాటైతే నమ్ముతాను. కుర్రాడు అంత ఘనుడా?"

"మాటలా, ప్రభూ!"

"అయితే ఉద్యోగం ఇచ్చాం. జింకల రేవులో కాపలా. జింకలు నా గుహ పక్కకి వచ్చేస్తాయి. ఆ రేవులో నువ్వు కాపురం పెట్టు."

సామాన్లు మోస్తూ కుప్పయ్య మెల్లిగా అడిగాడు. "ఒరే సాంబా, పులివాసన ఎలా ఉంటుందో తెలుసురా?"

"మీరున్నారుగా మావయ్యా," అని వాడు ఆవులించాడు.

నీతి: మనవాడికి ఉద్యోగం వేయించడంలో తప్పేమీ లేదు, వాడు కాపలా కాసేచోట కాపురం ఉండకపోతే చాలు.