ఏడుపు ఆపని పాటల పెట్టె

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడో ఏడు నడుస్తోంది. మార్కాపురం బస్టాండు దగ్గర కాఫీ హోటలు నడిపే మాల్యాద్రి ఆ ఉదయం చేయదలచుకున్న పని చాలా చిన్నది. మద్రాసు నుంచి తెప్పించిన పాటల పెట్టెను తొమ్మిదింటికి ఊరికి చూపించాలి. అంతకుముందు ఎవరూ లేనప్పుడు తాను ఒక్కసారి వాయించి చూసుకోవాలి.

కంభం చెరువు కింద ఉన్న అరెకరం అమ్మి కొన్న పెట్టె అది. ఎదురు వరసలో హోటలు పెట్టుకున్న నాగయ్య, సొంత బావమరిది అయి కూడా, ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మాట్లాడటం మానేశాడు. పైగా, "కాఫీ బాగలేనోడికే పాటలు కావాల" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు.

మాల్యాద్రి భార్య శ్రీశైలమ్మ ప్రసాదం తేవడానికి గుడికి వెళ్లింది. మాల్యాద్రి తలుపు గడియ పెట్టుకుని పెట్టె ముందు నిలబడ్డాడు. బీరువా అంత పెట్టె. అద్దం వెనక రికార్డులు పళ్లేల్లాగా వరసగా నిలబడి ఉన్నాయి. బిగించిన మెకానిక్కు చెప్పిన పాఠం ఆయనకు కంఠతా వచ్చు. పావలా వేస్తే గొట్టంలోంచి జారి ఒక మీట మీద పడుతుంది. మీట వంగితేనే బొత్తాము లోపలికి పోతుంది. ఏ బొత్తాము నొక్కితే ఆ రికార్డు దగ్గరికి ఇనుప చెయ్యి జరుగుతూ వెళ్లి, దాన్ని పైకెత్తి, తిరిగే చక్రానికి ఆనిస్తుంది. సూది వచ్చి వాలుతుంది. పాట కాగానే చెయ్యి రికార్డును గూట్లో పెట్టేస్తుంది, పావలా డబ్బాలోకి జారుతుంది, మీట లేస్తుంది, బొత్తాము బయటికి తన్నుకొస్తుంది.

పాఠం చెప్పిన మెకానిక్కు పెట్టె తాళంచెవి జేబులోనే మరిచిపోయి గిద్దలూరులో బంధువుల ఇంటికి వెళ్లాడు. ఇప్పుడు పావలా వేస్తే తిరిగి చేతికి రాదు. తన పెట్టెలోనే కదా పడేది అని మరొకడైతే వేసేవాడు. మాల్యాద్రికి మనసొప్పలేదు. రాతి పలకలు చేసే మార్కాపురంలో పలక ముక్కలకు కరువు లేదు. ఒకటి ఏరి, బండ మీద పావలా అంత గుండ్రంగా అరగదీసి, గొట్టంలో వేశాడు. 'దేవుడి పాట' అని చీటీ ఉన్న బొత్తాము నొక్కాడు.

చెయ్యి కదిలింది, రికార్డు లేచింది, సూది వాలింది. మాల్యాద్రి ఆనందంతో చేతులు జోడించాడు.

"అయ్యో, నాథా! నన్నొంటరిని చేసి పోయితివా!" అని ఒక ఆడగొంతు గుండెలు పగిలేలా ఏడ్చింది.

మద్రాసు రైల్లో చీటీలు తారుమారయ్యాయి. అది ఏదో నాటకంలో రాణి మొగుడి శవం మీద పడి ఏడ్చే రికార్డు. పోనీలే, అయిపోతుంది కదా అనుకున్నాడు. అయిపోయింది. కానీ పలక ముక్క మీట మీదే ఇరుక్కుంది. మీట లేవలేదు, బొత్తాము రాలేదు. ఇంకో పావలా పడిందనుకుని పెట్టె మళ్లీ అదే రికార్డు ఎత్తింది.

కరెంటు ప్లగ్గు పెట్టె వెనక ఉంది. కొత్తగా సున్నం కొట్టిన గోడకూ పెట్టెకూ మధ్య మాల్యాద్రి దూరాడు. తల దూరింది, భుజం దూరింది. పొట్ట దగ్గర ఇరుక్కుపోయాడు.

పాలు తెచ్చిన మల్లమ్మ మూసిన తలుపు దగ్గర ఆ ఏడుపు విని బిందె దించేసింది. "శ్రీశైలమ్మొదినే ఏడుస్తా ఉంది! మాల్యాద్రన్న పోయినాడు!" అంటూ పరిగెత్తింది.

కాసేపట్లో బస్టాండంతా హోటలు ముందుకు వచ్చింది. లోపల నుంచి మాల్యాద్రి ఎంత అరిచినా రాణి ఏడుపులో కలిసిపోయింది. నాగయ్య వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"బావా! నీతో మాట్లాడకుండా ఉన్నా గదా పాపిష్టోణ్ణి! అబ్బా, నీ కాఫీ ముందర నా కాఫీ ఏపాటిది! నేను చికోరీ కలిపేవాణ్ణి. నువ్వు ఏ రోజూ కలపలేదు!"

సరిగ్గా అప్పుడే రికార్డు అయిపోయింది. ఇనుప చెయ్యి దాన్ని దించి మళ్లీ ఎత్తేలోగా హోటలు నిశ్శబ్దంగా ఉంది. ఒక్క కేక వేస్తే అందరికీ వినబడేది. మాల్యాద్రి వెయ్యలేదు. నాగయ్య ఇంకేమంటాడో విందామని చెవి రిక్కించాడు.

"ఇడ్లీ కూడా నీదే మెత్తన, బావా!" అన్నాడు నాగయ్య.

మాల్యాద్రి కళ్లు చెమర్చాయి. రాణి మళ్లీ అందుకుంది.

అంతలో ప్రసాదం గిన్నెతో శ్రీశైలమ్మ వచ్చింది. "ఏంది, ఏమైంది?"

జనం ఆమెను చూశారు, తలుపును చూశారు. "నువ్వు ఈడుంటే, లోపల 'నాథా' అని ఏడ్చేదెవరు?" అంది మల్లమ్మ.

శ్రీశైలమ్మ మొహం ఎర్రబడింది. నాగయ్య దుఃఖం ఎగిరిపోయింది. "పగలగొట్టండ్రా తలుపు!" అని అరిచాడు. మాల్యాద్రి ఇప్పుడు ప్రాణం పోయేలా కేకలు పెట్టాడు గానీ, రాణి గొంతు మంచి జోరు మీద ఉంది.

తలుపు విరిగింది. లోపల ఆడమనిషి లేదు. పెట్టె పక్క నుంచి తెల్లటి చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఊగింది. దాని వెనకే సున్నం పూసుకున్న తెల్లటి మొహం కనిపించింది. నాగయ్య అందరికన్నా ముందు రోడ్డు దాటాడు.

శ్రీశైలమ్మ మాత్రం కదలలేదు. "సస్తే సచ్చినావు. యాడుంది అది? ఎవరో చెప్పి సావు!"

"అదేనే... ఆ పెట్టె!" అన్నాడు మాల్యాద్రి.

ఆమె కొంగు బిగించి పెట్టెను ఒక్క గుంజు గుంజింది. పలక ముక్క టక్కున జారిపడింది. మీట లేచింది, బొత్తాము బయటికి వచ్చింది. చెయ్యి వినయంగా రికార్డును గూట్లో పెట్టేసింది. సంగతి తెలిశాక శ్రీశైలమ్మ నవ్వు ఆపుకోలేక కూలబడి, కొంగుతో ఆయన మొహం తుడిచింది.

నవ్వులు విని జనం ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఎలాగూ పనులు చెడ్డాయి కనుక అందరూ కాఫీ అడిగారు. మధ్యాహ్నానికి పాలు, పిండి అన్నీ అయిపోయాయి.

చివరి గ్లాసు మాల్యాద్రి స్వయంగా నాగయ్యకు ఇచ్చాడు. "ఏం బామ్మర్దీ, నా కాఫీ గురించి పొద్దున ఏందో అన్నావే, ఇంగోసారి చెప్పు."

నాగయ్య గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాడు. "నేను మెచ్చుకున్నెది సచ్చిపోయిన బావను. బతికున్నోడి కాఫీలో ఇంకా చక్కెర పడాల."