మేడమ్ తాగిన మందు

ఆ పొద్దున భార్యాభర్తల మధ్య ఒప్పందం సూటిగానే కుదిరింది. ఆమె తోటకు వెళ్ళి సేంద్రియ సాగు ప్రాజెక్టు మేడమ్‌కు పంట చూపించాలి. అతను టీ కాచి తీసుకురావాలి.

"కాయడం వచ్చా మీకు?" అని అడిగింది భార్య.

"ఇంటిపనిలో సగం నాదేనని మీటింగులో అంతమంది ముందు చెప్పినవాణ్ణి. టీ ఎంత?" అన్నాడు.

చెప్పిన మాట నిజం. చేసిన పనే లేదు.

అరెకరం వంగతోటకు పెత్తనం ఆమెదే. చుట్టుపక్కల తోటల ఆడవాళ్ళను కూడగట్టి, షాపులో మందులు మానేసి, ఇంట్లో కాచిన కషాయంతోనే పురుగును ఆపుతోంది. మేడమ్‌కు నమ్మకం కుదిరితే వాళ్ళందరికీ కలిపి సోలార్ మోటారు వస్తుంది. కానీ బేరం పోయిన పురుగుమందుల షాపు యజమాని, వీళ్ళు చాటుగా ఎక్కడో విషం కొనుక్కొచ్చి చల్లుతున్నారని పుకారు లేవదీశాడు. అది తేల్చుకోవడానికే మేడమ్ వస్తోంది.

భర్త వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి మీది గిన్నెలో గోధుమరంగు నీళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి. నా పరువు కాపాడటానికి ముందే కాచి పెట్టింది మహాతల్లి, అనుకున్నాడు. జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉంది కాబట్టి వాసన సంగతి తెలియలేదు. పెద్ద ఉద్యోగులు టీ పాలు లేకుండా తాగుతారని ఎక్కడో విన్నాడు. దండిగా పంచదార వేసి, వడకట్టి, ఫ్లాస్కులో పోసుకుని బయల్దేరాడు.

మేడమ్ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"ఘాటుగా ఉంది. మీరే కాచారా?"

"నా చేతులతో" అన్నాడతను.

మగవాడు కొత్తగా పొయ్యి దగ్గరికి వెళ్తే నిరుత్సాహపరచకూడదని శిక్షణ తరగతుల్లో చెప్పేది ఆవిడే. గ్లాసు ఖాళీ చేసింది. ఆవిడ తాగాక డ్రైవరుకూ తప్పలేదు.

వంగమళ్ళ అవతలి నుంచి వచ్చిన భార్య వాసన తగిలి ఆగిపోయింది.

"ఏవండీ, ఇదెక్కడిది?"

"నువ్వు పొయ్యి మీద పెట్టిందేగా."

"అది పురుగులకు కొట్టే మందు."

ఆమె ఇంకా ఏదో చెప్పబోతుండగానే డ్రైవరు పొట్ట పట్టుకుని ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"సార్, మేడమ్ మందు తాగారు."

"పొద్దున్నేనా?" అన్నాడు అటునుంచి పెద్దాఫీసరు.

"నేనూ తాగాను సార్."

"మరి జీపు ఎవరు నడుపుతారయ్యా?"

మాట గట్టు దాటేసరికి నలుగురికి పాకింది. షాపు యజమాని ఊడిపడి, "విషముందని నేను మొదటే చెప్పలేదూ?" అన్నాడు. అత్తగారు రొప్పుతూ వచ్చి, "ఒరేయ్, నిన్ను వంటింటి గడప తొక్కనివ్వకుండా పెంచింది ఇందుకేరా" అని కొడుకు మీద పడింది.

భర్త మేడమ్ ముందు చేతులు కట్టుకున్నాడు.

"ఆ టీ నేను కాచలేదు మేడమ్. నాకు పొయ్యి వెలిగించడమే రాదు. తప్పు నాది. వీళ్ళ మోటారు మాత్రం ఆపకండి."

భార్య అతని వంక ఒక్క క్షణం చూసి, మేడమ్‌నూ డ్రైవరునూ జీపు ఎక్కించింది. పక్కతోట రైతొకరు నడిపారు.

"అందులో ఏమేం కలిపారు?" అని ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు.

"వెల్లుల్లి, అల్లం, పచ్చిమిరపకాయలు" అంది భార్య.

"ఇంకా?"

"ఈయన వేసిన పంచదార."

"మరి విషం ఏదమ్మా?"

"లేదండీ. ఇందాకటి నుంచి అదే చెప్పబోతున్నా, ఎవరూ విన్లేదు."

డాక్టరు ఇద్దరి పొట్టలూ నొక్కి చూశాడు. "కాసేపు మండుతుంది, అంతే. షాపు మందు కలిసుంటే ఈపాటికి పెద్దాసుపత్రికి పంపేవాణ్ణి" అన్నాడు.

మేడమ్ ముందు నిట్టూర్చింది, తర్వాత నవ్వింది. "ఇంతకన్నా పరీక్ష ఏం చేయను? నా పొట్టే సాక్ష్యం. మోటారు వస్తుంది, పోండి."

భర్త వెళ్ళి బల్ల మీద కూలబడ్డాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"పంచదార మాత్రం సరిపోయిందట" అంది మెల్లగా.

మర్నాడు అతను నిజంగానే టీ కాచాడు. మొదటి గ్లాసు ఇంట్లోవాళ్ళు అతని చేతే తాగించారు.