పట్టుచీరలో ఇంటర్న్‌షిప్

ఆ సోమవారం హిమజ వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే బస్సెక్కి ఒంటరిగా పలాస వెళ్లాలి, తారకేశ్వరరావు గారి జీడి ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్ అడగాలి. క్లాసులో అందరికీ ఎక్కడో ఒకచోట కుదిరింది. ఈ వారం తనకూ కుదరకపోతే డిగ్రీ ఆగిపోతుంది.

పథకం వినగానే నాయనమ్మ బొడ్డమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆడపిల్ల తొలిసారి పరాయి గడప తొక్కతంటే ఉత్తి సేతుల్తో పంపుతారేటి?"

"నానమ్మా, అది ఫ్యాక్టరీ!"

"ఫ్యాక్టరీకి గడప నేదేటి?"

బొడ్డమ్మ పెట్టె తెరిచి హిమజ చేతిలో పట్టుచీర పెట్టింది. కాసేపటికి ఇంటి ముందు ఆటో ఆగింది. పట్టుచీరలో హిమజ, కొత్త తువ్వాలుతో తండ్రి గున్నయ్య, ఒళ్లో పళ్లెంతో బొడ్డమ్మ ఎక్కారు. పళ్లెంలో అరటిపళ్లు, పసుపు కుంకుమలు, తోటలో దింపిన కొబ్బరికాయలు.

ఫ్యాక్టరీ ముందే యజమాని ఇల్లు. కొడుకు యువరాజుకి సంబంధం చూడమని కనబడిన వాళ్లందరికీ చెప్పిన యజమాని భార్య కమలకుమారి, వరండాలోంచి ఆ పళ్లేన్ని చూసింది. ఆడపిల్లవాళ్లే సంబంధం వెతుక్కుంటూ వచ్చారనుకుంది. అంతే, కుర్చీలు వచ్చాయి, జీడిపప్పు ఉప్మా వచ్చింది, నిద్రకళ్లతో యువరాజూ వచ్చాడు. ఇంత మర్యాదేమిటని గున్నయ్య మురిసిపోయాడు. ఇంటర్వ్యూలు ఇలాగే ఉంటాయి కాబోలని హిమజ సర్దుకుని కూర్చుంది.

"మాకాడ పనెక్కువమ్మా. ఓపిక పడతావా?" అంది కమలకుమారి.

"ఏ పనైనా నేర్చుకుంటానండి."

ఆవిడ కళ్లు చెమర్చాయి. "ఎన్నాళ్లకి దొరికినావు తల్లీ!"

"రేపే సేరిపోతానండి. రెండు నెలలుంటాను."

"రెండు నెలలా?"

"మంచి సర్టిఫికెట్ ఇచ్చేత్తే ఎల్లిపోతానండి. వచ్చే ఏసవికి ఇంకోసోట సూసుకోవాలి."

యువరాజుకి నిద్ర పూర్తిగా వదిలింది. కమలకుమారి కేకకు తారకేశ్వరరావు ఫ్యాక్టరీలోంచి పరుగెత్తుకొచ్చాడు. సంగతి తేలేసరికి అతని ముఖం ఎర్రబడింది.

"ఇంటర్న్‌షిప్పా? పట్టుసీర కట్టి, కొబ్బరికాయలు తెచ్చి అడుగుతారేటి? కుదరదు, ఎల్లండి!"

గున్నయ్య తువ్వాలు దులుపుకుని లేచాడు. హిమజ మాత్రం ఫ్యాక్టరీ వైపు తిరిగి కొంగు నడుముకి బిగించింది.

"సీర మా నానమ్మ ఇష్టమండి. పని నా ఇష్టం. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పెట్టండి."

కమలకుమారి ఆ పిల్లను చూసింది. తర్వాత కొడుకును చూసింది. యువరాజు ఉప్మాను చూస్తున్నాడు.

"ఏమండీ, మనోడి డిగ్రీ అయి రెండేళ్లయింది. జీడిపిక్కలు ఏ గేట్లోంచి వత్తాయో తెలుసేటి ఈడికి? ఆ పిల్లని సేర్సుకోండి. పక్కన ఈడినీ పెట్టండి."

తారకేశ్వరరావు తలూపగానే బొడ్డమ్మ తృప్తిగా కొబ్బరికాయ కొట్టింది.

రెండు నెలల తర్వాత హిమజ సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోయింది. యువరాజుకి మాత్రం ఇంటర్న్‌షిప్ మరో రెండు నెలలు పొడిగించారు.